పదకొండో స్థానం

కొడియాక్ ద్వీపం, అలాస్కా
1996 మార్చి 9

బెర్నడిన్ అక్కకు, నీ తమ్ముడు రోమన్ ప్రేమతో రాసేది.

నీ ఉత్తరం మంగళవారం పడవలో వచ్చింది. ఈ ఏడు రేడియో ప్రశ్నల పోటీలో ఇక్కడి నుంచే ఆడమన్నావు. ఫోను తీసి రేడియో పక్కన పెడతామనీ, ప్రశ్నలన్నీ నాకు వినబడతాయనీ రాశావు. నువ్వు అంత ఏర్పాటు చేస్తానన్నాక కాదనడం కష్టంగా ఉంది. అయినా ఆడలేను. కారణం రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

ఇక్కడ నా పని చేపపిల్లల తొట్లు చూసుకోవడం. రోజుకు నాలుగుసార్లు నీటి వేడి కొలిచి పుస్తకంలో రాస్తాను. నాకు ఇలాంటి పనే సరిపోతుంది. రాయడం తప్ప మాట్లాడనక్కర్లేదు. కాగితపు మిల్లులో నా యంత్రం ఆపేశారు కాబట్టి ఊరు విడిచిపోతున్నానని మీ అందరికీ చెప్పాను. అది సగమే నిజం.

పోయిన ఏప్రిల్‌లో, పోటీ చివరి రోజు ఆదివారం మధ్యాహ్నం, సూప్ డబ్బా ప్రశ్న నీకు గుర్తుందా? డబ్బా మీది బొమ్మలో ఎన్ని క్యారట్ ముక్కలున్నాయని అడిగారు. డబ్బాల మీదా సినిమాల్లోనూ కనబడ్డవన్నీ రాసుకునే నా నోటుపుస్తకం చూసి ఐదు అన్నాను. నేను రాసుకున్నది పాత డబ్బా చూసి. కొత్త దాని మీద బొమ్మ మార్చారు. తప్పయింది. అప్పుడు నీ అల్లుడు డ్వైట్, "పోనీలెండి మామయ్యా, డబ్బాల మీద చదువుకున్న చదువు ఇంతే!" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. అతను బడిలో పాఠాలు చెప్పేవాడు, నేను ఎనిమిదో తరగతితో ఆపినవాణ్ణి. నవ్వడానికి అందులో పెద్ద కారణమే ఉందనుకున్నాను.

ఆ తర్వాత గంటకు పాత పోలీసు సినిమాలో వంతెన కింద పోయే పడవ పేరు అడిగారు. నా పద్నాలుగో పుస్తకంలో ఉంది. పేజీ తెరిచి చూశాను కూడా. చూసి, పుస్తకం మూసేశాను. నోరు విప్పలేదు. ఎవరికీ తెలియక, ఫోను పట్టుకున్న నీ కూతురు కొలీన్ తనకు తోచిన పేరేదో చెప్పింది. తప్పయింది. ఇరవై రెండు పాయింట్ల తేడాతో పదకొండో స్థానంలో ఆగిపోయాం. కప్పులిచ్చేది పది జట్లకే. ఇరవై మూడేళ్లుగా నీ నేలమాళిగలో ఆడుతున్నాం, అంత దగ్గరికి ఎప్పుడూ పోలేదు.

ఆ రోజు నుంచి దాన్ని అందరూ 'పదకొండు కొలీన్' అంటున్నారు. ఈ ఏడు తను రానందని నీ ఉత్తరంలో చదివాక నేనింక దాచలేకపోయాను. తప్పు దానిది కాదు, నాది. దానికి చెప్పు. తెలిసీ నోరు మూసుకున్నవాడు మీ జట్టులో ఉండకూడదు.

నీ
రోమన్


1996 ఏప్రిల్ 2

అక్కా,

నీ తిట్లు అందాయి. అన్ఫీసియాకు చదివి వినిపించాను. తను ఇక్కడి వంటమనిషి, ఈ దీవుల్లోనే పుట్టి పెరిగింది. "ఒరేయ్ మొద్దూ, నా కూతుర్ని ఏడాదిపాటు ఏడిపించి ఇప్పుడు తప్పుకుంటావా?" అన్న చోట ఆమె గరిటె కింద పెట్టి మరీ నవ్వింది. "మీ అక్క నాకు నచ్చింది" అంది.

నా ఉత్తరం భోజనాల బల్ల దగ్గర అందరి ముందూ గట్టిగా చదివావన్నమాట! నన్ను అడిగి చేయాల్సింది. కొలీన్ అన్న మాట మూడుసార్లు చదువుకున్నాను. "మామయ్య ఆడితే నేను ఫోను పట్టుకుంటాను. ఈసారి నోరు మూసుకుంటే విమానమెక్కి వెళ్లి మరీ కొడతాను." డ్వైట్ తీపి ఆపిల్ రొట్టె రెండో ముక్క వద్దన్నాడని రాశావు. అతను రెండో ముక్క వద్దనడం నేనెప్పుడూ చూడలేదు. పాపం.

ఆడతాను. ముప్ఫై ఒక్క నోటుపుస్తకాలూ మంచం కింద ఉన్నాయి. ఇక్కడికి తెచ్చుకున్నానని నీకు చెప్పలేదు. మా మేనేజరు, తొట్ల పని ఆగనంత వరకూ ఆఫీసు ఫోను మూడు రోజులూ వాడుకోమన్నాడు.

అన్ఫీసియాకు ఆట చెప్పడానికి రెండు సాయంత్రాలు పట్టింది. మన ఊరి కాలేజీ రేడియోవాళ్లు శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం అర్ధరాత్రి దాకా ప్రశ్నలు అడుగుతూనే ఉంటారు. ప్రశ్న తర్వాత రెండు పాటలు వేస్తారు. పాటలు అయిపోయేలోగా జట్టు ఫోను చేసి ఒక్క జవాబు చెప్పాలి. ఎక్కువ జట్లు సరిగ్గా చెబితే ఒక్కోదానికి తక్కువ పాయింట్లు. ఒకే జట్టు చెబితే ఐదు వందలు. అంతా విని, "ఊరు ఊరంతా మూడు రోజులు పని మానేసి ఇదా చేసేది?" అంది. అవునన్నాను. "మంచి ఊరే" అంది.

నీ
రోమన్


1996 ఏప్రిల్ 16

అక్కా, అక్కా,

తొమ్మిదో స్థానం! నీకు తెలియని సంగతి కాదు. అయినా నా చేత్తో ఒకసారి రాసుకోవాలనిపించింది. తొమ్మిది.

మీ వైపు సంగతులు ఫోనులో విన్నాను. నా వైపు ఏం జరిగిందో మీకు తెలియదు.

శుక్రవారం, శనివారం నేను నసుగుతూనే ఉన్నాను. జవాబు తెలిసినా "కావచ్చునేమో" అని చేర్చేవాణ్ణి. నువ్వు "ఏంట్రా? ఏంటి?" అని అరిచేదానివి. ఆదివారం మీకు సాయంత్రం ఆరు, మాకు మధ్యాహ్నం మూడు. పన్నెండో స్థానంలో ఉన్నామని రేడియోలో చదివారు. తర్వాత ఆ కౌబాయ్ సినిమా ప్రశ్న వచ్చింది. కొట్లో కాల్పులు జరిగి బస్తాకు గుండు తగిలి తెల్లటి పిండి కారుతుంది కదా, ఆ బస్తా మీద ఏమని రాసి ఉంది?

డ్వైట్ గొంతు వెంటనే వినబడింది. "ఇందులో అడగడానికేముంది? పిండి! కొలీన్, చెయ్యి ఫోను!"

నేను అప్పటికే పంతొమ్మిదో పుస్తకం తీశాను. మిల్లులో పని లేని ఒక చలికాలం ఆ సినిమా టీవీలో చూశాను. నా చేతిరాతే: 'బస్తా మీద బంగాళాదుంపలు అని ఉంది. కారింది పిండి. సినిమావాళ్ల పొరపాటు.'

"బంగాళాదుంపలు కావచ్చునేమో" అన్నాను.

ఎవరికీ వినబడలేదు. మొదటి పాట సగం అయిపోయింది. అన్ఫీసియా తలుపు దగ్గర చేపల బుట్టతో నిలబడి ఉంది. "ఏమయ్యా, పది అడుగుల దూరంలో ఉన్న నాకే సరిగ్గా వినబళ్లేదు. మూడు వేల మైళ్ల అవతలి వాళ్లకు వినబడుతుందా? నోరు తెరు!" అంది.

లేచి నిలబడ్డాను. ఎందుకో కూర్చుని అరవలేననిపించింది. "బంగాళాదుంపలు!" అని అరిచాను. నా గొంతు పక్కనున్న తొట్ల గదిలో కూడా మోగింది.

తర్వాత డ్వైట్, "మామయ్యా, బంగాళాదుంపల్ని కాలిస్తే పిండి కారుతుందా?" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. పోయిన ఏడాది నవ్వు అదే. ఫోను పెట్టేయాలనిపించింది, అక్కా. నిజం చెబుతున్నాను, చెయ్యి కిందికి దిగింది.

కానీ కొలీన్ రెండో ఫోను పట్టుకుని ఎదురు చూస్తోందని నాకు తెలుసు. నేనిప్పుడు వదిలేస్తే ఈ తప్పు కూడా దాని మీదే పడుతుంది.

"కారదు" అన్నాను. "అందుకే అడిగారు. పిండి బస్తా అయితే అది ప్రశ్నే కాదు. అందరూ పిండిని చూశారు, నేను బస్తా మీది అక్షరాలు చూశాను. కొలీన్, బంగాళాదుంపలని చెప్పు."

"పుస్తకంలో పిండి అనే ఉంది మామయ్యా" అన్నాడు డ్వైట్. అతని దగ్గర ఆ లావుపాటి సినిమాల పుస్తకం ఉంది కదా.

"నా పుస్తకంలో బంగాళాదుంపలని ఉంది."

రెండో పాట మొదలైంది. అప్పుడు నువ్వన్న మాట నేను చచ్చేదాకా మరిచిపోను. "డ్వైట్, నువ్వు కూర్చో. కొలీన్, నీ ఇష్టమే. ఫోను నీ చేతిలో ఉంది."

"మామయ్య మాటే" అంది కొలీన్. లైను దొరకలేదు. మళ్లీ నొక్కింది. దొరకలేదు. పాట చివరి వరుస నాకు వినబడుతోంది. "దొరికింది! బంగాళాదుంపలు! అవునండీ, తినే బంగాళాదుంపలే!"

జవాబు చదివి, సరిగ్గా చెప్పింది ఒక్క జట్టేనని వాళ్లు ప్రకటించాక మీ వైపు కుర్చీ ఒకటి దబ్బున పడింది. నువ్వు ఏడుస్తున్నావో నవ్వుతున్నావో తెలియలేదు. కొలీన్ "ఐదు వందలు! ఐదు వందలు!" అని మెట్లెక్కి వీధిలోకి పరిగెత్తిందట కదా. ఫోనులోకి డ్వైట్ వచ్చాడు.

"మామయ్యా, పిండి అన్నవాణ్ణి నేనే."

"వినబళ్లేదు, గట్టిగా చెప్పు" అన్నాను.

అతను గట్టిగానే చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించి, "పోయినేడు అన్నది... అనకుండా ఉండాల్సింది" అన్నాడు. ఆ మాట మాత్రం మళ్లీ చెప్పమనలేదు. ఒకసారి చాలు.

ఇక్కడ అన్ఫీసియా చేపల బుట్ట కింద పెట్టి రెండు చేతులతో నా వీపు మీద చరిచింది. ఇప్పటికీ నొప్పిగా ఉంది.

ఆ వెంటనే వచ్చిన ప్రశ్న నీకు గుర్తుండే ఉంటుంది, తపాలా బిళ్ల మీద పక్షి రంగు. నేను ఏమాత్రం ఆలోచించకుండా "నీలం!" అని అరిచాను. ఎరుపట. డ్వైట్ "మామయ్య బంగాళాదుంపలు ఈసారి ఉడకలేదు!" అన్నాడు. గది గదంతా నవ్వింది. నువ్వూ నవ్వావు, విన్నాను. అందరికంటే గట్టిగా నవ్విన ఆ బొంగురు గొంతు ఎవరిదని తర్వాత కొలీన్ అడిగిందట. నాదే.

తర్వాతి ప్రశ్న అడిగారు. ముందు నోరు తెరిచింది నేనే.

తొమ్మిదో స్థానం జట్టు సభ్యుడు,
నీ తమ్ముడు
రోమన్