నీ పాటలో ఒక పోలిక కొట్టేశాను

తమ్ముడూ,

నువ్వు పోయి ఇవాళ్టికి మూడేళ్లు. ఈ ఉత్తరం నీకు అందదు. అందినా జవాబు రాసే అలవాటు నీకెప్పుడూ లేదు.

మన చాలీని, ఈ ఒంటిగది ఇళ్ల వరసని, కూలగొడతామని మళ్లీ అంటున్నారు. చిన్నప్పట్నించీ ఇదే మాట విని విని అలిసిపోయానురా. సాయంత్రం మీటింగులో నా మనవరాలు అప్పటి పోరాటానికి నువ్వు కట్టిన పాట ఎత్తుకుంది. దానికి తెలుగు చదవడం రాదు, మరాఠీ అక్షరాల్లో రాసుకుని పాడుతుంది. వెనకటి బిల్డరుకు అమ్ముడుపోయిన మన కమిటీ లీడర్ని నువ్వు ఒళ్లమ్ముకునేదానితో పోల్చావు చూడు, అక్కడికి రాగానే ముందు వరసలోంచి ఎల్లమ్మ లేచింది. పక్క గల్లీలో ఆ పనే చేసి ముగ్గురు పిల్లల్ని చదివించిన మనిషి. ఈ కూల్చివేతలో ఆమె ఖోలీ, ఉన్న ఒక్క గదీ పోతోంది.

"అక్కా, నేను ఎవ్వల ఇల్లన్న అమ్మిన్నా? నన్నెందుకు గుంజుతరు?" అంది.

మనవరాలి చేతిలోని కాగితం తీసుకుని ఆ లైను కొట్టేశాను.

"మరి అక్కడ ఏం పాడాలి, ఆజీ?" అంది మనవరాలు.

"వాని పేరే పెట్టు బిడ్డా. పోలికెందుకు?" అంది ఎల్లమ్మ.

పేరు పెట్టి పాడింది. అతను ఎదురుగా కుర్చీలోనే ఉన్నాడు, ఇప్పటికీ అతనే మన లీడరు. నువ్వు ఆ పేరు ఎత్తలేకే కదా ఆ ఆడవాళ్ల మీద పడ్డావు. టీచరమ్మనైన నేనూ, నువ్వు రాసి చూపించిన రోజు ఆ లైనులో ఒత్తులు దిద్ది ఊరుకున్నాను.

అక్క