ఎర్ర కీ తర్వాత రెండక్షరాలు

ఏవండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. తెనాలిలో మన డీటీపీ షాపు నేనే తీస్తున్నాను. ముహూర్తాలు కదా, శుభలేఖల పని తెమలడం లేదు.

మీరు సొంతంగా బిగించుకున్న కీబోర్డులో ఎర్ర కీ నొక్కి, వెంటనే రెండక్షరాలు కొడితే 'బంధుమిత్రుల అభినందనలతో' అని మొత్తం పడేది. అలాంటివి ఎన్నో పెట్టుకున్నారు. నాకూ నేర్పమంటే "నీకెందుకే ఈ తలనొప్పి" అన్నారు. రేపల్లె నుంచి రోజూ రైల్లో పనికొచ్చే సుజాతకి మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. ఆ పిల్ల చూడకుండా కొట్టేస్తుంటే నాకు ఒళ్ళు మండేది.

అందుకే వీడియోలు చూసి నేర్చుకుని, మొన్న ఆదివారం కీబోర్డు లోపలి ప్రోగ్రాం నేనే మార్చాను. అన్నీ నాకు నచ్చినట్టు పెట్టాను. కొత్తది ఎక్కాక మీది చెరిగిపోయింది. దాని కాపీ ఎంత వెతికినా దొరకలేదు.

సోమవారం సుజాత పాత అలవాటుకొద్దీ కొడితే, పెళ్ళికూతురి పేరు ముందు 'చి.ల.సౌ.' బదులు 'విందు' అని పడింది.

"సార్ పెట్టినవి తీసేశారా అక్కా?" అంది.

ఇవాళ కాగితం పట్టుకుని తన పక్కన కూర్చున్నాను. "మీ సార్ పెట్టినవి మెల్లగా కొట్టు సుజాతా, రాసుకుంటాను" అన్నాను. తెర మీద తప్పులు పడుతూనే ఉన్నాయి. తన వేళ్ళు మాత్రం ఒక్కటీ తప్పలేదు.

నా కుళ్ళు తగ్గిందనుకోకండి. మీ వేళ్ళు ఎటు నుంచి ఎటు వెళ్ళేవో, మీ భార్యనై ఉండి కూడా, ఆ పిల్లని అడిగి రాసుకున్నాను.