ఫొటోలో ముసలాయన

కెప్టెన్ ఎవరిస్ట్ గారికి,

మార్చిలో మీ పడవెక్కి లూసియానా చిత్తడిలో తిరిగిన మినెసోటా ఆడవాళ్ళలో నేనొకదాన్ని. కొంగలన్నిటికీ ఫొటోలు తీస్తే అన్నిట్లోనూ తోకలే పడ్డాయి. ఇన్నాళ్ళకు ఫిల్ము కడిగిస్తే ఒక్కటి కుదిరింది. అందులో విరిగిన రేవు దగ్గర ఒక ముసలాయన ఉన్నారు. ఆయన ఒంటరివారా? సరస్సు ఒడ్డున మా నాన్న నా కోసం కనిపెట్టుకుని ఉండేవాడు. అచ్చం అదే ఓపిక. ఆ ఫొటో ఆయనకు పంపాలని ఉంది.

మీ ప్రయాణికురాలు,
వెర్నా హాల్వర్సన్

తా.క. నన్ను చూసి నవ్వారు కూడా.

వెర్నా అమ్మగారికి,

పడవెక్కిన వాళ్ళంతా మా ముసలాయన గురించే అడుగుతారు. నా చిన్నప్పటి నుంచీ ఆ రేవు ఆయనదే. మా నాన్న వలలు ఎన్ని చింపాడో! ఏదో పోట్లాటలో ఒక చెయ్యి పోయింది. పెళ్ళాలు ముగ్గురున్నా ఎవర్నీ దగ్గరికి రానివ్వడు. ఎండెక్కితే బురదలో పొట్ట ఆనించి పడుకుంటాడు. ఫొటో పంపకండి, నమిలేస్తాడు.

మీ సేవలో,
ఎవరిస్ట్ నకాన్

తా.క. అది నవ్వు కాదమ్మా, ఆకలి.

కెప్టెన్ గారికి,

చెయ్యి లేని మనిషిని బురదలో పడుకోనిస్తారా? మీ ఊళ్ళో చర్చి లేదా? చలికాలం వస్తోంది. ఉన్ని మఫ్లరు అల్లుతున్నాను, ఆయన మెడ కొలత తెలపండి.

మనసు నొచ్చుకున్న,
వెర్నా

తా.క. మెత్తటి బిస్కెట్లు పంపనా? పళ్ళున్నాయా?

వెర్నా అమ్మగారికి,

ఆయన మెడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియదు. కొలవడానికి వెళ్ళినవాడు తిరిగి రాడు. పళ్ళకేం, ఎనభై దాకా ఉన్నాయి. బిస్కెట్లు వద్దు. పచ్చి కోడిమాంసం కర్రకు గుచ్చి నేనే పెడుతున్నాను.

ఆయన బాగోగులు చూసే,
ఎవరిస్ట్

తా.క. నిరుడు పక్కింటి కుక్కను మింగేశాడు. ఫాదరుతో చెప్పించినా మారే రకం కాదు.

కెప్టెన్ గారికి,

ఫొటో జతచేస్తున్నాను. కళ్ళు తెరిచి చూడండి. రెండు చేతులూ ఉన్నాయి. గుడిసె అరుగు మీద నిలబడి టోపీ తీసి ఊపుతున్నారు. ఈయన కుక్కను మింగాడనడానికి మీకు నోరెలా వచ్చింది?

ఇక మీ పడవెక్కని,
వెర్నా

తా.క. కింద నీళ్ళలో ఉన్నది మొసలి. మీరు దాన్ని చూపిస్తూ ఆయనకు వీపు పెట్టి ఉన్నారు.

వెర్నా అమ్మగారికి,

నేను రాసిందంతా ఆ మొసలి సంగతి. మేం దాన్నే ముసలాయన అంటాం. మీరడిగినాయన మా అన్న యులిస్.

అమ్మ పోయాక, నాన్న కట్టిన ఆ గుడిసె విషయంలో మాటా మాటా పెరిగింది. అన్న టెక్సస్ వెళ్ళిపోయాడు. ఆ తరవాత కబురు లేదు. ఖాళీ గుడిసె చూడలేక, పడవ అటు వెళ్ళినప్పుడల్లా వీపు తిప్పేవాణ్ణి. అది ఖాళీగా లేదని మీ ఫొటో చెప్పింది.

తెల్లారగానే ఇంజను వెయ్యకుండా, చిన్నప్పటిలా తెడ్డేసుకుంటూ వెళ్ళాను. అన్న అరుగు మీద పీతలు శుభ్రం చేస్తున్నాడు. తలెత్తకుండానే అన్నాడు:

“వచ్చిన కాణ్ణించీ చెయ్యి ఊపుతానే ఉన్నాన్రా. ఆ మొసలికిచ్చే మర్యాదలో సగం అన్నకివ్వకూడదా?”

“నోరు తెరిచి పిలవొచ్చుగా, అన్నా.”

“నీ ఇంజను మోతలో ఎవడికి వినపడుద్ది?”

అమ్మలాగే బెండకాయలు వేసి పీతల గంబో పులుసు కాచాడు. కుండ అడుగు కనబడేదాకా ఇద్దరం తిన్నాం. కన్నీళ్ళను కారం మీదికి తోసేశాం.

మీ మేలు మరువని,
ఎవరిస్ట్

తా.క. ఇప్పుడు అన్న నా పడవలోనే కూర్చుని, నేను చెప్పే ప్రతి కథా అబద్ధమంటాడు. జనం కొంగల్ని వదిలేసి మా పోట్లాటకు ఫొటోలు తీస్తున్నారు.