పిడుగు మెసేజ్ చివరి మాట మార్చమని

విపత్తుల హెచ్చరిక అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పిడుగుల మెసేజ్‌లో చివరి మాట తీసి వేరే మాట పెట్టమని కోరుట గురించి.

పై విషయమునకు సంబంధించి తమకు విన్నవించుకొనునది ఏమనగా, నేను బట్టలు ఉతికి బతికేదాన్ని. చదువు నాలుగో తరగతితో సరి. అంకెలు వేసి రాయమని తమ ఆఫీసు గుమస్తా గారు చెప్పారు కనుక వేస్తున్నాను.

1. మా వీధిలో ఇరవై రెండు ఇళ్లు, అన్నీ ఉతికే ఇళ్లే. లాడ్జీల దుప్పట్లు, ఆసుపత్రి దుప్పట్లు వస్తాయి. మేడల మీద ఇనుప గొట్టాలు నిలబెట్టి, ఇనుప తీగలు కట్టి ఆరేస్తాం. తమ మెసేజ్ రాగానే ఇరవై రెండు ఇళ్లలో ఫోన్లు ఒక్కసారే కూస్తాయి. ఇరవై రెండు ఇళ్లవాళ్లూ ఒక్కసారే మేడ ఎక్కుతారు, ఆరేసినవి దించడానికి. మా వీధిలో ఆ కూతకి అర్థం అదే. ఇంట్లోకి రమ్మంటున్నారని ఎవరికీ తట్టలేదు.

2. పోయిన నెల ఎనిమిదో తేదీ మధ్యాహ్నం మూడు గంటల నలభై నిమిషములకు ఫోన్ కూసినది. మా చిన్నదానికి పంతొమ్మిదేళ్లు. ఒక్కచోట నిలవదని అందరూ పిట్ట అనేవాళ్లు. అప్పుడే టీ గ్లాసు చేతిలోకి తీసుకుంది.

"మెసేజ్ వచ్చిందే, దుప్పట్లు!" అన్నాను.

"చినుకైనా లేదు కదమ్మా. టీ తాగి పోతా."

"తడిస్తే మళ్లీ ఎవరుతుకుతారు, మీ అత్తా?"

"రానీ ఆవిడ, అన్నీ ఆవిడ చేతే ఉతికిస్తా" అని నవ్వుతూ గ్లాసు గట్టు మీద పెట్టి పోయింది.

పదకొండు దుప్పట్లలో రెండు సార్లుగా తొమ్మిది తెచ్చింది. మూడోసారి ఎక్కింది. అప్పటికీ చినుకు లేదయ్యా. వాన రాకుండానే పిడుగు వస్తుందని నాకెవరు చెప్పారు?

3. తమ ఆఫీసు కాగితంలో "హెచ్చరిక సకాలములో జారీ చేయబడినది, మృతురాలు సూచనలు పాటించలేదు" అని ఉన్నది. మొదటిది నిజం. రెండోది కొట్టేయండి. పాటించబట్టే పోయింది. తమరు నాకు చెప్పారు, నేను దానికి చెప్పాను, అది పరుగెత్తింది. మాట వినని పిల్ల అని కాగితం మీద ఉండకూడదు. వినని రోజులు చాలా ఉన్నాయి. ఆ రోజు విన్నది.

4. గుమస్తా గారు పరిహారం ఫారం ఇచ్చారు. అది వద్దన్నాను. మెసేజ్‌లో ఒక మాట కావాలన్నాను. "చోటు లేదమ్మా, ఇన్ని అక్షరాలే పడతాయి" అన్నారు. ఇంటికొచ్చి వేళ్ల మీద లెక్కపెట్టాను. ఇప్పుడు మెసేజ్ చివర ఉన్న "సురక్షిత ప్రాంతములలో ఉండవలెను" పద్నాలుగు. "మేడ ఎక్కొద్దు, బట్టలు తడవనివ్వండి" అదీ పద్నాలుగే. సరిగ్గా పడుతుంది. తమరూ లెక్కపెట్టి చూడండి.

5. తొందర ఎందుకంటే, ఇప్పుడు ఫోన్ కూస్తే నేనే వీధిలోకి పరుగెత్తి మెట్లకి అడ్డం నిలబడుతున్నాను. "జరుగు వదినా, తడిసిపోతున్నాయి" అని తోసుకుని పోతున్నారు. మతి పోయిందంటున్నారు. పోతే పోనీ. ఒక ఇంటి మెట్ల దగ్గర నిలబడితే ఇరవై ఒక్క ఇళ్లు మిగులుతున్నాయి. నేను ఒక్కదాన్ని. తమ మెసేజ్ అయితే అన్ని ఇళ్లకీ ఒక్కసారే పోతుంది.

కావున తమరు దయతో ఆ పద్నాలుగు అక్షరములు ఈ వానలు ముగిసేలోగా మార్పించి, ఈ అర్జీని చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
పిట్ట తల్లి

తా.క. సంతకం పెడుతుంటే ఫోన్ కూసింది. ఎదురింటి కోడలు బుట్ట తీయడం కిటికీలోంచి కనిపించింది. కలం పడేసి పోయాను. మెట్ల మీదే కొంగు పట్టుకుని ఆపాను. నోటికొచ్చినట్టు తిట్టింది. దుప్పట్లన్నీ తడిశాయి. రేపు నేనే ఉతికి ఇస్తానన్నాను. ఆఖరి ఉరుము తర్వాత కూడా అరగంట దాకా కదలనివ్వలేదు. వాళ్ల పొయ్యి మీద టీ ఉంటే వేడి చేసి, దగ్గర కూర్చుని, గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగించాను.