ఇంట్లో లేని మనుషులు

ఖానాపూర్,
మంగళవారం

ప్రియమైన రోజక్కకు,

ఫోన్ చేయలేదని తిట్టకు. మీ మరిది మొన్న తాగొచ్చి దాన్ని గోడకేసి కొట్టాడు. జవాబు రాస్తే పక్కింటి యాదవ్వ పేరు మీద రాయి. ఆయన చేతిలో పడితే ఇంకో గొడవ.

దానికంటే పెద్ద తలనొప్పి నా బిడ్డ, నీ ముద్దుల దీపిక. తొమ్మిదేళ్లు నిండాయి, బుద్ధి మాత్రం రాలేదు. నేను చుట్టిన బీడీలు ఇచ్చి రావడానికి కార్ఖానాకు పోయినప్పుడు ఇంటింటి సర్వే చేసే అనసూర్య మేడం వచ్చిందట. ఇది గడపలో కూర్చుని మా ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పింది. భూమవ్వ అని ఒక నాయనమ్మ, రాత్రంతా వాకిట్లోనే మంచం వేసుకుంటుందట. ప్రణయ్ అని ఒక అన్న, పోలీసట. పద్మలత అని ఒక మేనత్త, ఆమె గొంతెత్తితే మీ మరిది కిక్కురుమనడట. మేడం అంతా పెన్సిల్‌తో రాసుకుని, ఆధార్ కార్డులు చూడటానికి పది రోజుల్లో వస్తానని చెప్పి పోయింది. లేని పోలీసుకు కార్డు నేనెక్కడి నుంచి తేవాలి?

అడిగితే, "వాళ్లు ఉన్నరు అవ్వా, నీకు కానస్తలేరు" అంటుంది. పొద్దంతా గోడతో ముచ్చట్లే. విసుగొచ్చి వీపు మీద ఒకటి వేశాను.

వేగలేక చస్తున్న నీ చెల్లె,
మమత

మెట్‌పల్లి,
ఆదివారం

ప్రియమైన మమతా,

నాకూ కోపమొచ్చింది, దీపిక మీద కాదు, నీ మీద. వాకిట్లో కాపలాకు ముసలమ్మ, ఇంట్లో పోలీసు, నీ మొగుడి నోరు మూయించే మేనత్త. భయపడుతున్నానని ఆ పిల్ల నీకు ఇంకెట్లా చెప్పాలి?

దాన్ని నా దగ్గరికి పంపమని మూడేళ్లుగా మొత్తుకుంటున్నాను. నీది ఒకటే మాట: "బిడ్డ పోతే నాకు తోడెవరున్నరక్కా?" దాని ముందే అంటావు కూడా. నీ తోడు కోసం దాన్ని అక్కడ ఉంచుకుంటే, దానికి తోడెవరు? మీ బావ ఇక్కడి బడిలో అడిగొచ్చాడు. చేర్చుకుంటారట.

నీతో అరిచీ అరిచీ అలిసిపోయిన అక్క,
రోజారాణి

ఖానాపూర్,
గురువారం

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం చదివితే ఒళ్లు మండింది. చింపబోతుంటే అనసూర్య మేడం వచ్చింది. ఆ ముగ్గురూ లేరని చెప్పాను. ఆమె విసుక్కుంటూ రబ్బరుతో తుడిచింది. ఇక మీ మరిది పేరు, నా పేరు మిగిలాయి.

"మా బిడ్డను రాయలే?" అన్నాను.

"మీకు బిడ్డున్నదా? ఆ దినం చెప్పిన పిల్ల పక్కింటి దాన్నన్నది. గీ ఇంట్ల చిన్నపిల్లలు లేరన్నది."

మేడంను కాసేపు ఆగమన్నాను. దీపికను పిలిచి, ఈసారి తిట్టకుండా అడిగాను. తల వంచుకుని చెప్పింది.

"పేరు రాస్తే గీడనే ఉండాలె గద అవ్వా. నేను మెట్‌పల్లిల పెద్దవ్వ తానికి పోతే నీకు తోడు ఉండాలె గద. అందుకే వాళ్లను రాయించిన."

నువ్వు కూడా తప్పుగానే అనుకున్నావక్కా. ఆ ముగ్గురు దాని కోసం కాదు, నా కోసం. నేను దాన్ని కొట్టింది అందుకు.

మేడంతో నా పేరు కూడా తుడిపించాను. సోమవారం పొద్దుటి బస్సుకు ఇద్దరం వస్తున్నాం. ఈ ఉత్తరం మాకంటే ముందు చేరుతుందో లేదో తెలియదు. మూడేళ్ల తిట్లూ బస్సు దిగాక తిట్టు, పడతాను.

నీ చెల్లె,
మమత