ముద్దుపేరు గుడ్లగూబ

లక్ష్మివారం, డుంబ్రిగుడ

సాయంత్రం లక్ష్మీదేవి పటం ముందు దీపం పెట్టి లేస్తుంటే ఇంటి రేకుల మీద పెద్ద పిట్ట వాలింది. పూజవేళ ఈ అపశకునమేమిటని ఒళ్లు మండింది.

"ఛీ, గుడ్లగూబ! జమునా, బేగి కర్ర తే!" అని అరిచాను.

కోడలు కర్ర తేలేదు. బయటికొచ్చి పిట్టకు దండం పెట్టింది.

"కొట్టొద్దత్తా. మా ఒడియాలో దీన్ని పెచా అంటారు. లక్ష్మమ్మ దీని మీదెక్కే తిరుగుతాది. లక్ష్మివారం పూట మనింటికొచ్చింది." అంతలో ఏదో తట్టినట్టు నావైపు తిరిగింది. "దీన్ని మీరేటన్నారు? గుడ్లగూబా?"

జమున పెళ్లయి వచ్చిన కొత్తలో ఆ పెద్ద కళ్లు చూసి, ఒడియా పిల్లకేం తెలుస్తుందిలే అని, చుట్టాల ముందు "మాకో గుడ్లగూబ దొరికింది" అని నవ్వాను. అర్థమడిగితే ముద్దుపేరన్నాను. ఇప్పటికీ అలాగే పిలుస్తున్నాను. పిలిచినప్పుడల్లా నవ్వుతూ పలుకుతోంది.

"అయితే ఇన్నాళ్లూ నన్ను లక్ష్మమ్మ పిట్టనే అంటన్నారా అత్తా?"

సంతోషంతో ఆ కళ్ల నిండా నీళ్లు. అవునన్నాను. సిగ్గులేకుండా, దీపం సాక్షిగా.

నిజం చెబితే ఆ మొహం ఏమైపోతుందో. చెప్పకపోతే రేపు పొద్దున్న ఏమని పిలవాలి...

ఇందాక వాళ్లమ్మకు ఫోన్ చేసి గబగబా ఏదో చెబుతోంది. నాకు ఒడియా రాదు. అన్ని మాటల్లోనూ గుడ్లగూబ ఒక్కటే అర్థమైంది.