దిల్హానీ గుడారం

ఫిబ్రవరి 10, సోమవారం

దిల్హానీ వచ్చింది. శ్రీలంక వ్యవసాయ శాఖలో ఆఫీసరు. ఊరు అనురాధపురం దగ్గర. నా వయసే ఉంటుంది. మేడ మీద గది ఇచ్చాం. అందులోని పాత మోటారు, మందు డబ్బాలు కిందికి దించేసరికి నా నడుం పడిపోయింది.

రెండు ప్రభుత్వాలకూ ఒప్పందం కుదిరిందట. మన మిరప విత్తనం, సాగు పద్ధతి వాళ్లు నేర్చుకుంటారు. కాయ ఎండబెట్టే పద్ధతి వాళ్లు మనకు నేర్పుతారు. రోడ్డు పక్కన ఉందని హార్టికల్చర్ ఆఫీసరు మా కల్లాన్ని ఎంచుకున్నారు. మహిళా సంఘం లెక్కలు ఎలాగూ నేనే రాస్తాను కాబట్టి ఈ లెక్కలూ నావే అన్నారు. నన్ను ఎవరూ అడగలేదు.

మిరపకాయలు ఎండబెట్టడం మనకి సముద్రం అవతలి వాళ్లు వచ్చి నేర్పాలంటే ఇంక మనం ఎందుకే ఉన్నది అంది అత్తయ్య. పెద్దగానే అంది. దిల్హానీకి తెలుగు రాదు కాబట్టి నవ్వి దణ్ణం పెట్టింది.

ఫిబ్రవరి 14

గుడారం లేచింది. ఇనప గొట్టాలు, పైన మందం ప్లాస్టిక్, లోపల నడుమెత్తున వల మంచాలు, చివర సోలార్ ఫ్యాను. కాయ నేలను తాకదు. వానకు తడవదు.

ఆ చివరి మాట రాసి కాసేపు ఆగాను.

పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి ప్రతి కోతకూ ఇదే పని. మబ్బు పట్టగానే కల్లానికి పరిగెత్తాలి. టార్పాలిన్ పట్టాలు లాగి కప్పాలి, ఎండ రాగానే తీయాలి, మళ్లీ కప్పాలి. ఇప్పుడు జడ వేసుకోవడానికి కూడా కుడి భుజం లేవడం లేదు. డాక్టరు విశ్రాంతి రాశాడు. అది మందుల షాపులో దొరకలేదు.

షరతు ఒకటుంది. ఇందులో ఎండిన తొలి కాయ బస్తాలకెత్తాక శాంపిల్ తీసి గుంటూరు ల్యాబుకి పంపుతారు. తేమ, బూజు రెండింట్లో పాసైతే గుడారం సంఘానికి ఉండిపోతుంది, కాయ నేరుగా వాళ్ల దేశానికి వెళ్తుంది. ఫెయిలైతే విప్పి ఇంకో మండలానికి తీసుకుపోతారు.

నాకు ఈ గుడారం కావాలి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరి 15

భుజం. ఇవాళ రాయను.

ఫిబ్రవరి 21

తొడిమలు తీసే ఆడవాళ్లకు మేస్త్రి జయకుమారి. ఇవాళ గుడారంలోకి తల పెట్టి చూసి, అమ్మా, మా ఇంట్లో వానొస్తే నడినెత్తిన కారుద్ది, నన్ను కూడా ఈ మంచం మీద ఎండబెట్టరాదా అంది. అందరూ నవ్వారు. ఏం నవ్వారో చెప్పమని దిల్హానీ నా చెయ్యి పట్టుకుంది. నా ఇంటర్ ఇంగ్లీషులో చెప్పాను. సగం జోకు దారిలోనే పోయింది.

తర్వాత దిల్హానీ అసలు సంగతి చెప్పింది. నీళ్లు చల్లకూడదట.

మా దగ్గర బస్తాకెత్తే ముందు కాయ మీద నీళ్లు చిలకరిస్తారు. మెత్తబడ్డాక గోతంలో పోసి మనిషి దిగి తొక్కుతాడు. చల్లకపోతే కాయ చిట్లి గింజ రాలిపోతుంది, కొనేవాడు ముఖం తిప్పుకుంటాడు. బూజు మొదలయ్యేది ఆ నీళ్లతోనే అంటుంది దిల్హానీ. బస్తాలు తొక్కేది జయకుమారి మొగుడు యేసుపాదం. నీళ్లు లేకుండా ఎట్టా తొక్కేది మేడమ్ అన్నాడు. తొక్కొద్దు, చేత్తో నింపండి, బస్తా వదులుగా ఉన్నా పర్లేదు అంది దిల్హానీ, నా నోటితో. అయితే లారీ నిండా గాలి పంపుదామా అన్నాడు మా ఆయన. తర్వాత సరే అన్నాడు.

ఫిబ్రవరి 27

మన కారం తింటే ఈ పిల్ల ఏడుస్తుందని అత్తయ్య కాచుకుని కూర్చుంది. దిల్హానీ పచ్చికొబ్బరి కోరి, ఎండుకారం, ఉల్లిపాయ, నిమ్మరసం కలిపి, అందులో వాళ్ల ఊరి నుంచి తెచ్చుకున్న ఎండుచేప పొడి చల్లి అత్తయ్యకే పెట్టింది. అత్తయ్య మూడోసారి కూడా పెట్టించుకుంది. రాత్రి నాతో, నువ్వు కాపురానికొచ్చి ఇన్నేళ్లయింది, ఇట్టాంటిదొకటి చేశావా అంది.

కొబ్బరికాయలు తెప్పించాలి.

మార్చి 8, శనివారం

అమరావతి స్తూపం చూడాలని దిల్హానీ మొదటి రోజు నుంచీ అడుగుతోంది. ఇవాళ తీసుకెళ్లాను. తుళ్లూరు మీదుగా వెళ్లాం. దారంతా క్రేన్లు, సగం లేచిన గోడలు. ఇవి పొలాలేనా అని అడిగింది. ఒకప్పుడు అన్నాను. స్తూపం దగ్గర చెప్పులు విప్పి, ఎండలో చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చుంది. నేను చెట్టు నీడన కూర్చున్నాను. ఊరికే కూర్చోవడం ఎలాగో మర్చిపోయినట్టున్నాను. మధ్యలో రెండుసార్లు లేచాను.

తిరిగొచ్చేసరికి కాయ బస్తాలకెక్కింది. అందంగా, బిగువుగా, వరసగా పేర్చి ఉన్నాయి. దిల్హానీ చప్పట్లు కొట్టి ఫొటోలు తీసుకుంది.

చేత్తో నింపిన బస్తా అంత బిగువుగా ఉండదు.

ఆమె మేడెక్కాక ఒక బస్తా కుట్టు సందులోంచి వేళ్లు దూర్చాను. కాయ విరగలేదు. వంగింది.

అదే రోజు, రాత్రి 8

మా ఆయన మోటారు రిపేరుకని గుంటూరు వెళ్లాడట. కల్లం దగ్గర అత్తయ్య కుర్చీ వేసుకుని కూర్చుందట. వద్దని చెప్పానమ్మా, పెద్దమ్మగారు వింటేగా, వేపమండ తీసుకుని ఆమే చల్లింది అంది జయకుమారి, కాళ్ల వంక చూస్తూ.

అత్తయ్యను అడిగాను. తడుముకోలేదు. ఆ పిల్ల ఇంతదూరం వచ్చి, ఇంత కష్టపడి, రేపు వాళ్ల ఆఫీసర్ల ముందు పొట్టూ గింజలూ చూపించుకుంటుందా? మన ఇంట్లో అన్నం తిన్న పిల్లే! చారెడు నీళ్లు, అంతే అంది. నెల కిందట ఆమెను చూసి మూతి తిప్పిన మనిషి.

శాంపిల్ సోమవారం తీస్తారు. నోరు మూసుకో అన్నాడు మా ఆయన. రెండ్రోజుల్లో బూజు పట్టదు, పైన ఉన్న బస్తాల్లోంచి శాంపిల్ తీయిస్తా, అవి పొడిగానే ఉన్నాయి, గుడారం మనకే ఉంటుంది అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. పాసవుతుంది.

తర్వాత ఓడలో పట్టే బూజుకు జవాబు చెప్పుకోవాల్సింది దిల్హానీ. ఒప్పందం కాగితం మీద అటు వైపు ఆమె సంతకమే ఉంది.

నాకు గుడారం కావాలి. ఇంకోసారి రాశాను. ఏమీ మారలేదు.

మార్చి 9, ఆదివారం

కాఫీ ఇచ్చి చెప్పేశాను.

దిల్హానీ గ్లాసు పక్కన పెట్టింది. దేనితో చల్లారు అని అడిగింది. వేపమండ తెచ్చి చూపించాను. దాన్ని చేతిలో తిప్పుతూ, మా అమ్మ కూడా వేపతోనే అంది. సంతకు పంపే ముందు వాళ్లమ్మ కూడా చల్లుతుందట. పదిహేనేళ్లుగా తను ఊరూరా తిరిగి వద్దని చెబుతోందట. వాళ్లమ్మకు మాత్రం ఇంకా చెప్పలేకపోయిందట.

కత్తి తీసుకుని కల్లానికి వెళ్లాం. పనివాళ్లంతా చర్చికి పోయారు. మేమిద్దరమే. మొదటి బస్తా కుట్టు మీద కత్తి పెట్టగానే వెనక నుంచి అత్తయ్య అరిచింది. కొయ్యకే, పురికొస పనికొస్తుంది అని. వచ్చి పక్కన కూలబడి ముడి విప్పడం మొదలుపెట్టింది. నా ముఖం చూడలేదు. దిల్హానీ ముఖం కూడా చూడలేదు. కాసేపటికి, ఈ పిల్లని కోప్పడమను, ఊరుకుంటే నాకు బాగాలేదు అంది. ఇది ఇంగ్లీషులో చెప్పాను. దిల్హానీ ఆమె చేతిలోంచి పురికొస తీసుకుని చుట్టచుట్టింది, అంతే.

మధ్యాహ్నానికి జయకుమారి, యేసుపాదం చర్చి బట్టల్లోనే వచ్చారు. తడి కాయంతా మళ్లీ మంచాలెక్కింది. మా ఆయన రోడ్డు మీద నిలబడి చూశాడు. సాయంత్రం వచ్చి ఫ్యాను తడి కాయ వైపుకి సరిచేశాడు.

మార్చి 10

శాంపిల్ వాయిదా. దిల్హానీ కారణం ఉన్నది ఉన్నట్టు రాసి ఇచ్చింది. రాయకుండా ఉంటే పోయేదిగా మేడమ్ అని మన ఆఫీసరు విసుక్కున్నారు. ఓడ మనకోసం ఆగదు కూడా అన్నారు.

మార్చి 15

చేత్తో నింపాం. బస్తాలు పొట్ట తగ్గినవాళ్ల చొక్కాల్లా ఉన్నాయి. శాంపిల్ వెళ్లింది.

మార్చి 17

దిల్హానీ వెళ్లిపోయింది. అత్తయ్య బయటికి రాలేదు. కానీ దిల్హానీ సంచిలో చూస్తే మాగాయ డబ్బా ఉంది, మూత చుట్టూ పురికొస కట్టి ఉంది.

మార్చి 24

రెండింట్లోనూ పాస్. ఆ ఓడ మాత్రం వెళ్లిపోయింది. తర్వాతి ఓడకు పంపుతారట. ఒకసారి తప్పు జరిగింది కాబట్టి గుడారం శాశ్వతంగా ఇవ్వరు. ఇంకో సంవత్సరం ఇక్కడే ఉంచి, చూసి చెబుతారట.

సంవత్సరం. సరే.

ఏప్రిల్ 16

వాట్సాప్‌లో ఫొటో. చీరకట్టులో ఒక ముసలావిడ, చేతిలో వేపకొమ్మ, ముందు మిరపకాయలు. కింద దిల్హానీ రాసింది: స్టిల్ నాట్ లిజనింగ్. అత్తయ్యకు చూపించాను. ఫోను దగ్గరికి లాక్కుని చూసి, కాయ బాగుంది అంది.

ఏప్రిల్ 29

మధ్యాహ్నం వాన. పట్టా లాక్కుని కల్లం దాకా పరిగెత్తాను. కప్పడానికి ఏమీ లేదు. ఆఖరి కోతంతా గుడారంలో ఉంది. పట్టా పట్టుకుని తడుస్తూ నిలబడ్డాను. వసారాలోంచి అత్తయ్య అరిచింది, ఇంక నిన్నెక్కించాలే ఆ మంచం మీద అని.